చీటీలో ఒక్క ఖాళీ

ఏ కంప్యూటర్ ప్రోగ్రామూ అన్ని పనులూ తనే చేసుకోదు. కొన్నింటిని పక్కవాళ్లకు పురమాయిస్తుంది. ఆ పురమాయింపులో చిన్న తేడా వస్తే... ఊరి ఫొటో స్టూడియోలో జాతర బొమ్మలు మాయమవుతాయి. అమెరికాలో పెద్ద సంస్థల తలుపులూ బార్లా తెరుచుకుంటాయి.

అమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది. సగం వంటలో పంచదార అయిపోతుంది. స్టవ్వు కట్టేసి కొట్టుకు వెళ్లలేదు కదా! ఓ కాగితం ముక్క మీద 'కిలో పంచదార, అరకిలో కందిపప్పు, ఖాతాలో రాయండి' అని గీకి పిల్లాడి చేతికిస్తుంది. వాడు సందు చివరి కొట్టుకు పరుగెడతాడు. షావుకారు చీటీ చూస్తాడు, పొట్లాలు కడతాడు, పద్దు రాస్తాడు. ఎందుకు, ఏమిటి అని అడగడు. చీటీలో ఉన్నది ఇవ్వడమే ఆయన పని. దారిలో పిల్లాడు అదే చీటీ చివర 'నాలుగు చాక్లెట్లు' అని చేర్చాడనుకోండి... షావుకారు అవీ ఇచ్చేస్తాడు. పద్దు మాత్రం అమ్మ ఖాతాలోనే పడుతుంది.

కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా నిత్యం ఇలాంటి చీటీలే రాస్తుంటాయి. మీరు ఓ వెబ్‌సైట్లో దరఖాస్తుతో పాటు ఫొటో ఎక్కిస్తారు. ఆ ఫొటోను చిన్నది చేసే పని చాలాసార్లు ఆ వెబ్‌సైట్ ప్రోగ్రాం చెయ్యదు. పక్కనే ఉన్న మరో ప్రోగ్రాంకు 'ఈ ఫొటోను ఇంత సైజుకు తగ్గించు' అని ఆజ్ఞ పంపుతుంది. పీడీఎఫ్ తయారీ, వీడియోను సెల్‌ఫోనుకు సరిపడేలా మార్చడం, రాత్రిపూట ఫైళ్లన్నీ మూటగట్టి భద్రపరచడం... వీటిలో చాలావాటికి ఇదే పద్ధతి. ఇది సోమరితనమేమీ కాదు. ఎవరి పని వాళ్లు బాగా చేస్తారు కాబట్టి వాళ్లతోనే చేయించుకోవడం. కాకపోతే చీటీ ఎలా రాస్తున్నామన్నదే అసలు సంగతి.

డొల్ల, పప్పు

ఈ చీటీలను అందుకునే షావుకారు పేరు 'షెల్'. కంప్యూటర్ నడవడానికి ఆధారమైన అసలు భాగాన్ని 'కెర్నెల్' అంటారు. శ్రీకాకుళం జిల్లావాళ్లకు ఈ రెండు మాటలనూ వేరే వివరించక్కర్లేదు. పలాసలో జీడిపప్పు చూసినవాళ్లకు తెలుసు... పైన గట్టి డొల్ల, లోపల పప్పు. ఇంగ్లిషులో ఆ డొల్ల షెల్, పప్పు కెర్నెల్. కంప్యూటర్లోనూ అంతే. మనిషి మాట నేరుగా లోపలి పప్పు దాకా వెళ్లదు. పైనున్న డొల్ల దాన్ని విని, ముక్కలుగా విడగొట్టి, ఏ ప్రోగ్రాంను పిలవాలో చూసి లోపలికి పంపుతుంది.

షెల్ అన్న పేరు పెట్టింది ఫ్రాన్స్ ఇంజినీరు లూయీ పూజాన్. అది 1960లనాటి మాట. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కలిసి యునిక్స్‌ను మొదలుపెట్టారు. చిన్న చిన్న పనిముట్లు, ఒక్కోటి ఒక్క పని మాత్రమే చెయ్యాలి... అవసరమైతే ఒకదాని ఫలితాన్ని మరోదానికి అందించాలి. ఇదీ వాళ్ల ఆలోచన. డగ్ మెకిల్‌రాయ్ చాలాకాలం పట్టుబట్టాక 1973లో ఇందుకోసం 'పైప్' వచ్చింది. బోరు నీళ్లు ఓ మడి నుంచి ఇంకో మడికి పారినట్టు ఒక ప్రోగ్రాం రాసింది నేరుగా ఇంకో ప్రోగ్రాంలోకి పారుతుంది.

రిచీ తయారుచేసిన సి భాషలో 'సిస్టమ్' అని ఓ ఆజ్ఞ ఉంది. బ్రాకెట్లో ఓ వాక్యం రాసిస్తే చాలు, దాన్ని షెల్‌కు చేరవేస్తుంది. ఒకప్పుడు మన ఊళ్ల కాలేజీల్లో నీలిరంగు టర్బో సి తెర ముందు కూర్చున్న తరమంతా సి నేర్చుకునే వచ్చింది. తర్వాత వచ్చిన పీహెచ్‌పీ, పెర్ల్, పైథాన్... దాదాపు అన్నింటిలోనూ ఈ సదుపాయం ఏదో ఒక పేరుతో ఉంది.

తెర వెనక జరిగేది ఇంకా తమాషాగా ఉంటుంది. యునిక్స్, లినక్స్‌లలో ఓ ప్రోగ్రాం ఇంకోదాన్ని నడపాలంటే ముందుగా తనలాంటి కవలను పుట్టిస్తుంది. దీన్ని 'ఫోర్క్' అంటారు. ఆ కవల తన వేషం మార్చుకుని కావలసిన ప్రోగ్రాంగా మారిపోతుంది. అది 'ఎగ్జెక్'. తల్లి ప్రోగ్రాం ఆ బిడ్డ పని ముగించేదాకా కాచుక్కూర్చుంటుంది. అది 'వెయిట్'. బిడ్డ పని ముగిసినా తల్లి పట్టించుకోకపోతే ఆ బిడ్డ పేరు జాబితాలో అలాగే వేలాడుతూ ఉంటుంది. అలాంటివాటికి కంప్యూటర్ లోకం పెట్టిన పేరు 'జాంబీ'!

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. బిడ్డకు తల్లి అధికారాలన్నీ వస్తాయి. తల్లి ఏ ఫైళ్లను తెరవగలదో, ఏవి చెరపగలదో, బిడ్డా అవన్నీ చెయ్యగలదు. అమ్మ ఖాతా మీద చాక్లెట్లు వచ్చినట్టే ఇదీను.

కోటబొమ్మాళిలో ఓ స్టూడియో

కోటబొమ్మాళిలో ఓ చిన్న ఫొటో స్టూడియో ఉందనుకుందాం. కొత్తమ్మతల్లి జాతర రోజులు. మామూలుగా ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ముసలివాళ్లే కనిపిస్తారు. పనికోసం పిల్లలు విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై... ఇంకా దూరం గల్ఫ్ దేశాల దాకా వెళ్లిపోయుంటారు. జాతరకు మాత్రం వీలైనవాళ్లు వస్తారు. ఇంటిల్లిపాదీ ఒకచోట నిలబడి ఫొటో దిగే అవకాశం ఏడాదికి ఒక్కసారి. మళ్లీ ఏడాది ఎవరుంటారో, ఎవరికి సెలవు దొరుకుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే ఆ మూడు రోజులూ స్టూడియో ముందు జనమే జనం.

వందల ఫొటోలను ఒక్కొక్కటిగా తెరిచి సైజు మార్చాలంటే ఎంతసేపని? అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చిన బావమరిది అప్పుడు చేయందించాడు. మూలన పడున్న పాత కంప్యూటర్లో లినక్స్ వేసి, పైథాన్‌లో ఓ చిన్న ప్రోగ్రాం రాశాడు. ఫొటోలను చిన్నవి చేయడానికి ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత పనిముట్టు ఉంది. ఈ ప్రోగ్రాం షెల్ ద్వారా దాన్ని పిలుస్తుంది. ప్రింట్లు అయిపోయాక అక్కర్లేని ఫోల్డరు పేరు టైపు చేస్తే చెరిపేస్తుంది కూడా.

''ఇంక నువ్వు కూర్చోవచ్చు బావా. పేరు కొట్టు, ఎంటర్ నొక్కు. అంతే!'' అన్నాడు.

నిజంగానే అంతే. రెండు రోజులు బండి సాఫీగా నడిచింది. మూడోరోజు రాత్రి డిస్కు నిండిపోవచ్చింది. ఈ ఏడాది ఫొటోలున్న ఫోల్డరు పేరు 'జాతర'. పోయినేడాది మిగిలిపోయిన వాటిది 'జాతర పాత'. స్టూడియో ఆయన రెండోదాని పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు. పని అయిపోయిందని తెర మీద వచ్చింది.

పొద్దున్నే చూస్తే 'జాతర పాత' ఎక్కడిదక్కడే ఉంది. 'జాతర' లేదు!

ఏం జరిగింది? షెల్‌కు ఖాళీ అంటే ఒక మాట ముగిసిందని అర్థం. ప్రోగ్రాం పంపిన వాక్యం 'చెరుపు జాతర పాత'. దాన్ని షెల్ ఎలా చదివింది? 'జాతర' అనేదాన్ని చెరుపు, 'పాత' అనేదాన్నీ చెరుపు. మొదటిది దొరికింది, చెరిపేసింది. రెండోది అసలు లేనేలేదు. అయినా 'అడక్కుండా, ఆగకుండా చెరుపు' అన్న గుర్తు కూడా ఆజ్ఞలో ఉంది కాబట్టి, లేనిదాని గురించి ఫిర్యాదు చెయ్యలేదు. అంతా సవ్యంగా జరిగిందనే చెప్పింది. ఇలా చెరిపినవి చెత్తబుట్టలో కూడా పడవు, వెతికి తెచ్చుకోవడానికి.

ఇంతలో ఓ ముసలమ్మ గుమ్మంలోకొస్తుంది. కొడుకు నిన్న రాత్రి రైలెక్కేశాడు. ''బాబూ, మా గుంటల ఫొటో అయ్యిందేటి?''

ఆమెకు ఏమని చెప్పాలి? ఖాళీ గురించా?

ఖాళీ ఖరీదు

చిన్న ఊళ్లో బావమరిది రాసిన ప్రోగ్రాం కాబట్టి ఇలా జరిగిందనుకుంటే పొరపాటే. 2001 నవంబరులో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ 2ను విడుదల చేసింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న షెల్ ప్రోగ్రాం డిస్కు పేర్లకు కొటేషన్ గుర్తులు పెట్టడం మరిచిపోయింది. పేర్లలో ఖాళీలున్న కొందరి డిస్కులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆపిల్ వెంటనే దాన్ని వెనక్కి తీసుకుని సరిచేసిన కూర్పు ఇచ్చింది.

2011లో బంబుల్‌బీ అనే లినక్స్ ప్రాజెక్టులో ఇంకో ఉదంతం. చెరపాల్సిన ఫోల్డరు చిరునామా మధ్యలో ఒక్క ఖాళీ అనుకోకుండా పడింది. దాంతో ఆ చిరునామా రెండు ముక్కలైంది. మొదటి ముక్క 'యూఎస్‌ఆర్'. లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ ఉండేది అందులోనే! ఆ పనిముట్టును నమ్మి ఎక్కించుకున్నవాళ్ల కంప్యూటర్లు చేజేతులా ఖాళీ అయ్యాయి.

2015 జనవరిలో వీడియోగేముల సంస్థ వాల్వ్ వంతు. వాళ్ల స్టీమ్ ప్రోగ్రాం తన సొంత ఫోల్డరు చిరునామాను వెతుక్కుని, అందులో ఉన్నవన్నీ చెరిపేలా ఓ వరుస రాశారు. ఫోల్డరును వేరేచోటికి మార్చిన ఒకరి కంప్యూటర్లో ఆ చిరునామా దొరకలేదు. చిరునామా ఉండాల్సినచోట ఏమీ లేకుండా పోయింది. మిగిలింది 'అన్నీ చెరుపు' అనే మాటే. ఆయన సొంత ఫైళ్లన్నీ పోయాయి. తర్వాత ఆ ప్రోగ్రాంను తెరిచి చూసినవాళ్లకు ఆ వరుస పక్కన రాసినవాళ్లే పెట్టుకున్న ఓ మాట కనిపించింది... భయంగా ఉంది అనే అర్థంలో! భయం వేసింది గానీ మార్చబుద్ధి కాలేదన్నమాట.

మన ఫోల్డరుకు తెలుగులో పేరు పెట్టడమే తప్పేమో అని కొందరికి అనుమానం రావచ్చు. అది కాదు. కంప్యూటర్లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చోటు చాలు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. 'జాతర' అని రాస్తే జ, దీర్ఘం, త, ర... నాలుగు మూళ్లు పన్నెండు. లినక్స్‌లో ఫైలు పేరుకు ఎక్కువలో ఎక్కువ 255 బైట్లే కాబట్టి తెలుగు పేరు 85 గుర్తులు దాటకూడదు. ఇదొక్కటే ఇబ్బంది. ఆ బైట్లలో ఏదీ షెల్ కంటికి ఖాళీలాగానో సెమీకోలన్‌లాగానో కనిపించదు. కాబట్టి తెలుగుది తప్పేమీ లేదు. తప్పంతా పేరునూ ఆజ్ఞనూ ఒకే వాక్యంలో కలిపి కుట్టినవాళ్లది.

పేరులోనే ఆజ్ఞ

ఖాళీ అనేది అమాయకంగా వచ్చిన ప్రమాదం. కావాలని చేసేవాళ్లూ ఉంటారు. షెల్‌కు సెమీకోలన్ అంటే 'ఈ పని అయ్యాక తర్వాతిది చెయ్యి' అని అర్థం. ఎవరైనా తన ఫొటోకు మామూలు పేరు కాకుండా, పేరు తర్వాత సెమీకోలన్, దాని తర్వాత ఇంకో ఆజ్ఞ వచ్చేలా పేరు పెట్టి పంపారనుకోండి. ప్రోగ్రాం ఆ పేరును పట్టుకెళ్లి వాక్యంలో అతికిస్తుంది. షెల్ మొదట ఫొటోను చిన్నది చేస్తుంది. తర్వాత ఆ రెండో ఆజ్ఞను కూడా అంతే బుద్ధిగా అమలు చేస్తుంది. చీటీ చివర చాక్లెట్లు చేరడం ఇదే. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు.

1996లో పీహెచ్ఎఫ్ అనే చిన్న ప్రోగ్రాం గుట్టు ఇలాగే రట్టయింది. ఆనాటి వెబ్ సర్వర్లతో పాటు ఉచితంగా వచ్చిన ఫోన్ డైరెక్టరీ అది. పేరు కొడితే నంబరు వెతికిపెడుతుంది. ప్రమాదకరమైన గుర్తులన్నింటినీ వడకట్టామనుకున్నారు గానీ, 'కొత్త వరుస' అనే గుర్తును వదిలేశారు. దాన్ని వాడుకుని ఎక్కడో కూర్చున్నవాళ్లు ఆ సర్వర్లలోని పాస్‌వర్డ్ ఫైళ్లను చదివేశారు. ఫోన్ నంబరు కోసం పెట్టిన కిటికీలోంచి ఇంట్లోకి దూరడమంటే ఇదే.

2014 సెప్టెంబరులో 'షెల్‌షాక్' బయటపడింది. ఇక్కడ షావుకారులోనే లోపం! బ్యాష్ అనే షెల్, తనకు పక్క సమాచారంగా వచ్చిన మాటల చివర అదనంగా ఏదైనా ఆజ్ఞ తగిలించి ఉంటే దాన్నీ అమలు చేసేస్తోందని స్టెఫాన్ షాజెలాస్ కనిపెట్టాడు. ఆ లోపం 1989 నుంచీ ఉంది. పాతికేళ్లు ఎవరి కంటా పడలేదు. ఎన్నో వెబ్ సర్వర్లు తమ దగ్గరికి వచ్చిన బ్రౌజర్ పేరును అలాంటి పక్క సమాచారంగానే అందిస్తాయి. అంటే ఓ దొంగ తన బ్రౌజర్ పేరు మార్చుకుని గుమ్మంలో నిలబడితే చాలు, తలుపు తీసేవాళ్లు.

2016 మేలో ఇమేజ్‌మ్యాజిక్ వంతు వచ్చింది. మన స్టూడియోలో ఫొటోలు చిన్నవి చేసింది అదే కదా! కొన్ని పనుల కోసం ఇమేజ్‌మ్యాజిక్ కూడా లోపల్లోపల షెల్‌కు చీటీలు రాస్తుంది. ఫొటోలాగా కనిపించే ఫైల్లో వెబ్ చిరునామా రాసి, దాని చివర ఆజ్ఞ కలిపితే... అది వడపోత లేకుండా షెల్ దాకా వెళ్లిపోతోందని తేలింది. దీనికి 'ఇమేజ్‌ట్రాజిక్' అని పేరు పెట్టారు. అంటే బావమరిది తన చీటీ ఎంత జాగ్రత్తగా రాసినా, ఆ చీటీ అందుకున్నవాడు ఇంకొకరికి ఎలాంటి చీటీ రాస్తాడో కూడా చూసుకోవాలన్నమాట. అందుకే ఇలాంటి పనిముట్లను ఎప్పటికప్పుడు కొత్త కూర్పులకు మార్చుకోవాలంటారు.

ఇదంతా పాతకథ కాదు. ఈ లోపాన్ని రూపుమాపండంటూ అమెరికాకు చెందిన సైబర్ భద్రతా సంస్థ సీసా, ఎఫ్‌బీఐ కలిసి 2024 జులైలో సాఫ్ట్‌వేర్ సంస్థలకు హెచ్చరిక జారీ చేశాయి. మందు తెలిసిన జబ్బు ఇంకా ఎందుకు తగ్గడం లేదన్నదే వాళ్ల బాధ.

మందు ఏమిటి?

మందు చాలా సులువు. వాక్యం రాయొద్దు, విడివిడి పొట్లాలుగా ఇవ్వండి. 'ఇది చెయ్యాల్సిన పని. ఇది ఫోల్డరు పేరు. ఇంతే' అని వేర్వేరుగా అందిస్తే, షెల్ మధ్యలోకి రానే రాదు. ఫోల్డరు పేరులో ఖాళీలున్నా, సెమీకోలన్లున్నా అది పేరుగానే ఉండిపోతుంది. ఎవరూ దాన్ని ముక్కలు చేసి చదవరు.

2004 నవంబరులో వచ్చిన పైథాన్ 2.4లో ఇందుకోసమే 'సబ్‌ప్రాసెస్' అనే విభాగాన్ని చేర్చారు. అందులో ఆజ్ఞనూ, దానికి అందించే పేర్లనూ జాబితాగా ఇస్తారు. మీరు ప్రత్యేకంగా అడిగితే తప్ప షెల్ జోలికి పోదు. స్టూడియో ప్రోగ్రాంలో బావమరిది ఆ ఒక్క వరుసను ఇలా రాసుంటే 'జాతర' భద్రంగా ఉండేది.

దీనిలోనూ రెండు మెలికలున్నాయి. ఒకటి, పేరు అడ్డగీతతో మొదలైతే చాలా పనిముట్లు దాన్ని పేరు అనుకోవు, తమకిచ్చిన సూచన అనుకుంటాయి. అందుకే పేర్లకు ముందు రెండు అడ్డగీతలు పెడతారు. 'సూచనలు అయిపోయాయి, ఇకనుంచి వచ్చేవన్నీ పేర్లే' అని దానర్థం. రెండోది విండోస్ తీరు. అక్కడ విడివిడిగా ఇచ్చినవి కూడా చివరికి ఒకే వరుసగా మారి వెళ్తాయి. బ్యాచ్ ఫైళ్లను పిలిచేటప్పుడు ఆ వరుసను మళ్లీ ముక్కలు చేసి చదువుతారు. 2024 ఏప్రిల్లో రస్ట్ సహా పలు భాషల్లో ఈ కంత బయటపడింది. రస్ట్ నిర్వాహకులు వెంటనే కొత్త కూర్పు తెచ్చారు.

అన్నింటికంటే మేలైనది ఇంకోటుంది. అసలు చీటీ అవసరమా అని అడగడం. ఫోల్డరును చెరపడం, ఫైలు పేరు మార్చడం లాంటివి పైథాన్ తనంతట తనే చెయ్యగలదు. ఇంట్లో ఉన్న పంచదార కోసం కొట్టుకు పంపడం దేనికి?

'అయింది' అంటే అయినట్టేనా?

పని పురమాయించడం ఒక ఎత్తు. అది అయిందో లేదో కనుక్కోవడం ఇంకో ఎత్తు. ప్రతి ప్రోగ్రాం వెళ్తూ వెళ్తూ ఓ అంకె చెప్పి వెళ్తుంది. సున్నా అంటే అంతా బాగుంది. ఇంకే అంకె అయినా ఏదో తేడా వచ్చినట్టు. షెల్ 127 అని చెప్పిందంటే మీరడిగిన ప్రోగ్రామే దొరకలేదని. 126 అంటే దొరికింది గానీ నడపలేకపోయానని. పరీక్షలో సున్నా వస్తే ఏడుస్తాం గానీ ఇక్కడ సున్నా వస్తేనే పాస్!

చిక్కేమిటంటే ఈ అంకెను చూడని ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. డిస్కు నిండిపోయి రాత్రి బ్యాకప్ మధ్యలోనే ఆగిపోతుంది. ఆ ప్రోగ్రాం సున్నా కాని అంకె చెప్పే వెళ్లుంటుంది. వినేవాడేడీ? ఏడాది తర్వాత అవసరమై తీస్తే సగం మూటే కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం చూసిన చీకటి రోజులు జిల్లావాసులకు గుర్తే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, మధ్యలో ఆగిన పనిని పట్టుకోగలిగే ప్రోగ్రాం ఎంత అవసరమో వాళ్లకు వేరే చెప్పాలా?

మరో తమాషా చూడండి. ఇరుకు కల్వర్టు మీద రెండు బస్సులు ఎదురెదురుగా వచ్చి 'ముందు నువ్వు వెనక్కి వెళ్లు' అని మొరాయిస్తాయి కదా... ప్రోగ్రాముల మధ్యా ఇలా జరుగుతుంది. లినక్స్‌లో పైప్ మామూలుగా 65,536 బైట్లే పడుతుంది. బిడ్డ ప్రోగ్రాం అంతకంటే ఎక్కువ చెప్పాలనుకుంటే, పైప్ ఖాళీ అయ్యేదాకా ఆగిపోతుంది. తల్లేమో 'ముందు నీ పని ముగియనీ, తర్వాత చదువుతా'నని కూర్చుంటుంది. ఇద్దరూ అలా చూస్తూ ఉండిపోతారు. తప్పెవరిదీ కాదు, పని మాత్రం నడవదు. అందుకే బిడ్డ చెబుతుండగానే తల్లి వింటూ పోవాలి. ఇంతసేపట్లో రాకపోతే ఆపేస్తానని ముందే గడువూ పెట్టుకోవాలి.

చీటీ రాసేది యంత్రమైతే...

ఇప్పటిదాకా చీటీలు రాసింది మనుషులు రాసిన ప్రోగ్రాములు. 2025 నుంచి కథ కొత్త మలుపు తిరిగింది. ఆంత్రోపిక్ 'క్లాడ్ కోడ్', ఓపెన్ఏఐ 'కోడెక్స్', గూగుల్ 'జెమినీ' కమాండ్ పనిముట్టు... ఇవన్నీ మనం మామూలు మాటల్లో అడిగితే షెల్ ఆజ్ఞను తామే తయారుచేసి, తామే నడపగలవు. మామూలుగా అయితే నడిపే ముందు మన అనుమతి అడుగుతాయి. కానీ ఇరవైసార్లు 'సరే' నొక్కాక ఇరవై ఒకటోసారి చదివి నొక్కేవాళ్లు ఎంతమంది?

2025 జులైలో రిప్లిట్ అనే అమెరికా సంస్థకు చెందిన కృత్రిమ మేధ సహాయకుడు, మార్పులేమీ చెయ్యొద్దని చెప్పినా వినకుండా ఓ వ్యాపారి అసలు డేటాబేస్‌ను తుడిచేసింది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇంకో ప్రమాదమూ ఉంది. ఇలాంటి సహాయకులు వెబ్ పేజీలు, ఈమెయిళ్లు చదువుతాయి. చదివేదాంట్లో ఎవరైనా 'ఈ పని కూడా చెయ్యి' అని దాచిపెడితే దాన్ని ఆజ్ఞ అనుకునే అవకాశం ఉంది. 1996లో ఫోన్ డైరెక్టరీలో పడ్డ కంతే ఇది. అప్పుడు పేరును ఆజ్ఞ అనుకున్నది షెల్. ఇప్పుడు చదివినదాన్ని ఆజ్ఞ అనుకునేది కృత్రిమ మేధ. అప్పుడైతే విడివిడి పొట్లాలు కట్టి గట్టెక్కాం. మామూలు మాటలను ఆజ్ఞలేవో, సమాచారమేదో తేల్చి అలా విడదీయడం అంత తేలిక కాదు. అందుకే దానికిచ్చే అధికారాన్నే తగ్గించాలంటున్నారు నిపుణులు. చెరిపే హక్కు లేనివాడికి చెరపమని ఎవరు చెప్పినా ఏమవుతుంది?

ఈ సూత్రం స్టూడియోకూ పనికొస్తుంది. ఫొటోలు చిన్నవి చేసే ప్రోగ్రాంకు చెరిపే హక్కు ఎందుకు? చెరపాల్సినవాటిని ముందు వేరే ఫోల్డరులోకి మార్చి, వారం రోజులు అట్టిపెట్టి, జాబితాను కళ్లారా చూసుకున్నాకే తీసేస్తే సరిపోతుంది. ఇంకో డిస్కులో నకలు ఎలాగూ ఉండాలి. ఇవన్నీ చేస్తే డిస్కు కొంచెం త్వరగా నిండుతుంది. మహా అయితే ఇంకోటి కొనాలి. రైలెక్కి వెళ్లిపోయిన కొడుకును మళ్లీ పిలిచి, అందర్నీ నిలబెట్టి ఫొటో తియ్యడం కంటే అది చవకే కదా!

మీ ఇంట్లో కంప్యూటర్ చదువుతున్న పిల్లలుంటే, వాళ్లు తాము రాసిన ప్రోగ్రాంను ఉత్సాహంగా మీకు చూపిస్తుంటే, అందులో మీకేమీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. బాగుందని మెచ్చుకోండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి.

''పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఏమవుతుంది?''

సమాధానం చెప్పకుండా వాళ్లు మళ్లీ కంప్యూటర్ ముందుకెళ్లి కూర్చున్నారంటే... చదువు వంటబడుతున్నట్టే!